పొడి పక్క

తెల్లవారడానికి ఇంకా గంట టైముంది. బస్సులో చివరి వరస, కిటికీ పక్క సీటు మీది. అద్దం పూర్తిగా పడదు. ఆ సందులోంచి కొండగాలి చెవి మీద కొడుతోంది. అయినా మిగతా కిటికీలు మూయమని ఎవరూ అనడం లేదు. నడవలో జనం ఒకరినొకరు ఒరుసుకుంటూ నిలబడ్డారు. మీ పక్క రెండు సీట్లు మాత్రం ఖాళీ. వాటి ముందు, బస్సు నేల మీద, ప్లాస్టిక్ గోనె మడతపెట్టి వేసుకుని ఒక పిల్ల కూర్చుంది. సీట్లో కూర్చోవద్దని ఆమెతో ఎవరూ అనలేదు. అనిపించుకోకముందే కింద కూర్చుంది.

వాసన మీకు బస్సెక్కగానే తెలిసింది. చంటిపిల్ల పక్కగుడ్డలు రాత్రంతా మూల పడి ఉంటే పొద్దున్నే గదిలో వచ్చే వాసన అది. కాకపోతే ఇది ఒక రాత్రిది కాదు. రెండేళ్లుగా ఒంటికి పట్టేసింది. పిల్లకి పద్దెనిమిదేళ్లుంటాయేమో. నుదుటి మీద నీలపు పచ్చబొట్టు, చిన్న సిలువ. ఉత్తరపు కొండల్లో ఆడపిల్లలకి అలా పొడిపిస్తారు. తల మీది నుంచి కప్పుకున్న పల్చటి తెల్ల శాలువాని, దాన్ని ఇక్కడ నెతెలా అంటారు, మోకాళ్ల చుట్టూ బిగించి పట్టుకుంది. బస్సు గుంతలో పడి ఎగిరినప్పుడల్లా కళ్లు మూసుకుంటుంది. కదిలిన ప్రతిసారీ కింద తడి పెరుగుతుంది. అది గోనె దాటి ఎవరి కాళ్ల దాకా పారుతుందోనని ఆమె భయం.

కాస్త వంగి చూడండి. కుడి పాదం వేలాడిపోయి ఉంది. వేళ్లు నేలకు ఈడ్చుకుంటూ నడుస్తుంది గనక ఆ కాలి చెప్పు ముందువైపే అరిగి, బొటనవేలి దగ్గర చిల్లు పడింది. పక్కన చేతికర్ర. నిన్న మధ్యాహ్నం నుంచి ఆమె గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. తాగకపోతే కారడం తగ్గుతుందని ఈ జబ్బున్నవాళ్లు అనుకుంటారు. నీళ్లు తగ్గేకొద్దీ మూత్రం చిక్కబడి తొడల చర్మాన్ని ఇంకా ఎక్కువ కాలుస్తుందని వాళ్లకి చెప్పేవాళ్లు ఉండరు.

ఇది ఇథియోపియా. ఈ బస్సు రాజధాని అడిస్ అబాబాకి వెళుతోంది. పిల్ల పేరు మనం అడగం. ఇలా వచ్చేవాళ్లని, వాళ్ల కోసం ఇక్కడ ఆసుపత్రి కట్టిన డాక్టర్ రెజినాల్డ్ హామ్లిన్ యాత్రికులని పిలిచేవాడు, ఫిస్టులా యాత్రికులని. కొందరు రోజుల తరబడి నడిచి, అడుక్కుని బస్సు కిరాయి పోగు చేసుకుని, తమలాంటి మరొకామె బాగై ఊరికి తిరిగొచ్చిందన్న ఒక్క మాట పట్టుకుని వస్తారు. ఈ పిల్ల వెంట తండ్రి ఉన్నాడు. ముందు వరసలో నిలబడి, వెనక్కి తిరగకుండా, కర్రని రెండు చేతులతో పట్టుకుని దాని మీద గడ్డం ఆనించాడు.

బస్సు దిగేసరికి ఊరు అప్పుడే నిద్ర లేస్తోంది. సముద్రమట్టానికి 2,300 మీటర్లకు పైన ఉన్న నగరం, ఊపిరి కొంచెం బరువుగా ఆడుతుంది. జామాయిల్ కట్టెల పొగ, ఏ ఇంట్లోనో పెనం మీద వేగుతున్న కాఫీ గింజల వాసన, నీలం తెలుపు మినీబస్సుల తలుపుల దగ్గర వేలాడే కుర్రాళ్ల కేకలు. తండ్రి ఇద్దరిని అడిగాడు, మూడోవాడు చెయ్యి చాపి దారి చూపించాడు. ఆ పిల్లని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. నాలుగడుగులు వెనక, గోడవారగా నడుస్తోంది. మీరూ ఆమె పక్కనే నడవండి. నడిచేటప్పుడు తడి చప్పుడు చేస్తుంది, చెప్పుల్లో.

గేటు లోపల చెట్లు, గడ్డి, పూలమొక్కలు. తెల్ల గోడల కట్టడాలు. పల్లంలో నది. ఇక్కడికి వచ్చినవాళ్లకి మొదట అయోమయమే. ఆసుపత్రి అంటే ఫినాయిల్, క్యూ, అరుపులు అనుకుని వస్తారు. కాపలాదారు డబ్బులు అడగలేదు. ఇక్కడ ఎవరూ అడగరు, వైద్యం మొత్తం ఉచితం.

నడివయసు స్త్రీ ఒకామె వచ్చింది, పైన ఆప్రాన్. ముక్కు మూసుకోలేదు. ఊపిరి బిగబట్టనూ లేదు. సూటిగా వచ్చి పిల్ల రెండు చేతులూ పట్టుకుని, చెంపకు చెంప ఆనించి, అటొకసారి ఇటొకసారి, ఇక్కడివాళ్లు ఆత్మీయుల్ని పలకరించే పద్ధతిలో పలకరించింది. తర్వాత ఒకే మాట అంది: “అయ్‌జోష్.”

అమ్హరిక్ భాషలో ఆడమనిషికి ధైర్యం చెప్పే మాట అది. మన పల్లెల్లో పెద్దామె ఎవరైనా వీపు నిమురుతూ “ఏం కాదులే తల్లీ” అన్నట్టు. పిల్ల నోరు తెరవలేదు. ఆప్రాన్ ఆమె ఇంకొంచెం దగ్గరికి జరిగి తన పొట్ట మీద చెయ్యి వేసుకుని చూపించింది. నాదీ ఇదే కథ, నేనూ ఇలాగే వచ్చాను. పిల్ల మొహంలోకి చూడండి. నమ్మకం ఇంకా రాలేదు, ముందు ఆశ్చర్యం వచ్చింది. ఈ జబ్బు లోకంలో తనొక్కదానికే వచ్చిందని ఇంతకాలం అనుకుంది. ఇంట్లోవాళ్లూ అదే అనుకున్నారు, ఏదో శాపమని. ఇక్కడ నర్సులకు సాయం చేసే ఆడవాళ్లలో చాలామంది ఒకప్పుడు ఇదే గేటులోంచి, ఇదే తడితో వచ్చినవాళ్లే.

స్నానాలగదిలోంచి వేడినీళ్ల ఆవిరి వస్తోంది. మీరు బయట ఉండండి. లోపల్నుంచి చాలాసేపు నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. తర్వాత ఏడుపు. తర్వాత ఆప్రాన్ ఆమె గొంతు, మాటలు కావు, ఏదో కూనిరాగం. బయటికి వచ్చేసరికి పిల్ల ఒంటి మీద ఉతికిన గౌను, భుజాల చుట్టూ రంగురంగుల ఊలు దుప్పటి.

ఆ దుప్పటిని ఒకసారి చేత్తో పట్టుకోండి. అరచేయి కంటే కాస్త పెద్దవి, చౌకాలు చౌకాలుగా అల్లి, అంచులు కలిపి కుట్టారు. ఒకటి ముదురు ఎరుపు, పక్కది పసుపు, ఆ పక్కది బూడిద రంగు. ఒక చౌకంలో అల్లిక బిగుతుగా, గట్టిగా ఉంది. పక్కదాంట్లో వదులు, ఒకచోట ఒక ముడి తప్పి చిన్న కన్నం పడింది. అల్లినామె కంటిచూపు తగ్గిన ముసలావిడో, ఇప్పుడిప్పుడే సూదులు పట్టుకున్న మనవరాలో. ఆస్ట్రేలియాలోనూ ఇంకా ఎన్నో దేశాల్లోనూ ఆడవాళ్లు కూర్చుని ఇలాంటివి అల్లి ఇక్కడికి పంపుతూ వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది ఇథియోపియా ఎప్పుడూ చూడరు. ఈ పిల్ల వాళ్ల ఊరి పేరు కూడా వినదు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక గుప్పెడు తీసి సంఘం కోసం వేరే డబ్బాలో వేసే తల్లుల్ని మన పల్లెల్లో చూసినవాళ్లకి ఈ చౌకాల సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. దూరదేశపు పరిచర్య అనగానే మనకు డాక్టరు మొహమే గుర్తుకొస్తుంది. నాకైతే ముందు ఈ ముడి తప్పిన చౌకం గుర్తుకొస్తుంది.

పరీక్ష గది. పిల్ల బల్ల మీద పడుకుంది. ఆప్రాన్ ఆమె తల దగ్గర నిలబడింది.

జరిగింది చెప్పడానికి పిల్లకి మాటలు తక్కువ. పదహారేళ్లకి కాన్పు వచ్చింది. నొప్పులు మొదలై ఒక రాత్రి గడిచింది, పగలు గడిచింది, ఇంకో రాత్రి, ఇంకో పగలు. రోడ్డు ఒక రోజు నడక. నలుగురు మోసుకెళితే తప్ప కదలదు, మోసుకెళ్లినా ఆపరేషన్ చేసే ఆసుపత్రి ఎక్కడుందో తెలియదు. నాలుగో రోజు చనిపోయిన బిడ్డ బయటికొచ్చింది. ఆ తర్వాత కొద్దిరోజులకి పక్క తడవడం మొదలైంది.

డాక్టరుకి మిగిలిన కథ తెలుసు. బిడ్డ తల కటి ఎముకల మధ్య ఇరుక్కుపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. అటు తల, ఇటు ఎముక, మధ్యలో నలిగిపోయేది మూత్రాశయం, యోని గోడ. గంటలు కాదు, రోజులు నలిగితే ఆ కండకి రక్తం అందదు. రక్తం అందని కండ చచ్చిపోయి, ఊడి పడిపోతుంది. అక్కడ మిగిలేది ఒక రంధ్రం. దాన్నే ఫిస్టులా అంటారు. ఇక మూత్రం నిలవదు, పగలూ రాత్రీ కారుతూనే ఉంటుంది. కొందరికి వెనకవైపు మలాశయానికీ రంధ్రం పడుతుంది. ఆ ఒత్తిడికే కాలికి వెళ్లే నరం దెబ్బతిని పాదం వేలాడిపోతుంది. సకాలంలో సిజేరియన్ చేసి ఉంటే ఇందులో ఏదీ జరిగేది కాదు. బిడ్డ కూడా బతికేది.

పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడి, గుంపులో వెనకనుంచి వచ్చి వస్త్రపు అంచు ముట్టుకున్న స్త్రీ కథ సువార్తల్లో ఉంది. ఆదివారం బడిలో విన్నప్పుడు అద్భుతం మీదే మన ధ్యాసంతా. ఈ గదిలో నిలబడి ఆ కథ తలుచుకుంటే వేరే సంగతి తడుతుంది: ఆమె ఎందుకు వెనకనుంచి వచ్చింది? ఎదుటికి వస్తే జనం ఏమంటారో ఆమెకు తెలుసు. ఈ పిల్ల గోడవారగా నడిచింది కూడా అందుకే.

డాక్టరు చిన్న గొట్టం గుండా నీలపు మందునీళ్లు మూత్రాశయంలోకి వదిలింది. కాసేపటికి తెల్లటి దూది మీద నీలం రంగు. రంధ్రం ఎక్కడుందో చూపించే గుర్తు అది. డాక్టరు కాగితం మీద చిన్న బొమ్మ గీసి సున్నా చుట్టింది. పిల్ల తల తిప్పి ఆ సున్నా వంక చూసింది. తన జీవితాన్ని ఇంత చేసింది అంత చిన్నదా అన్నట్టు.

ఆపరేషన్‌కి ఇంకా కొన్ని రోజులుంది. ముందు తిండి పెట్టాలి, రక్తం పట్టాలి, తొడల మీద పుండ్లు మానాలి. ఈలోగా వరండాలో ఎండ పడుతున్న చోట కూర్చోండి, ఈ ఆసుపత్రి ఇక్కడికెలా వచ్చిందో చెబుతాను.

సిడ్నీలో కేథరిన్, న్యూజిలాండ్‌లో పుట్టిన రెజినాల్డ్ హామ్లిన్, ఇద్దరూ స్త్రీల వైద్యులు, భార్యాభర్తలు. వైద్యాన్ని దేవుడిచ్చిన పిలుపుగా తీసుకున్న క్రైస్తవులు. ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఒక ప్రకటన చూశారు: అడిస్ అబాబాలోని ప్రిన్సెస్ త్సెహాయ్ ఆసుపత్రిలో మంత్రసానుల బడి పెట్టడానికి డాక్టరు కావాలి. 1959లో ఆరేళ్ల కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. ఒప్పందం మూడేళ్లు. వాళ్లని ఏ మిషనరీ సొసైటీ పంపలేదు, జీతానికే వచ్చారు. ఫిస్టులా రోగుల్ని చూస్తే మీ గుండె పగిలిపోతుందని తోటి డాక్టరొకరు వచ్చిన కొత్తలోనే వాళ్లని హెచ్చరించాడు.

వాళ్లు అంతకుముందు ఫిస్టులా కేసు ఒక్కటీ చూసి ఎరగరు. ఆస్ట్రేలియాలో ఆ జబ్బు అప్పటికే కనుమరుగైంది. పాత పుస్తకాలు, పత్రికలు తిరగేశారు. కైరోలో ఈ ఆపరేషన్‌లో చెయ్యి తిరిగిన డాక్టర్ నగీబ్ మహఫూజ్ రాతలు చదివారు. నోబెల్ అందుకున్న ఈజిప్టు నవలాకారుడికి పెట్టింది ఆ డాక్టరు పేరే. ఆయన పుట్టినప్పుడు కష్టమైన కాన్పు చేసి తల్లీబిడ్డల్ని కాపాడింది ఆ డాక్టరేనట. మొదటి ఆపరేషన్లు విజయవంతమయ్యాయి. ఆ కబురు కొండల్లోకి పాకింది. మిగతా రోగులు ఈ వాసన భరించలేక సణిగేవారు. వార్డులో ఫిస్టులా రోగులకి చోటు దొరకడమే కష్టమైంది. వేరే ఆసుపత్రి కట్టాలన్న నిర్ణయం అలా పుట్టింది. న్యూయార్క్‌లో ఒకప్పుడు ఇలాంటి రోగుల కోసమే ఆసుపత్రి ఉండేది. అమెరికాలో ఆ జబ్బు కనుమరుగయ్యాక దాని అవసరం తీరిపోయింది. ఆ స్థలంలోనే ఇప్పుడు వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటలు ఉంది.

అడిస్ అబాబా ఫిస్టులా ఆసుపత్రి 1974లో మొదలైంది. అదే ఏడాది చక్రవర్తి హైలే సెలాసీని సైన్యం దించేసింది. తర్వాత పదిహేడేళ్లు సైనిక పాలన, వీధుల్లో శవాలు, కరువు. విదేశీయులు చాలామంది సర్దుకుని వెళ్లిపోయారు. హామ్లిన్‌లు ఉండిపోయారు. రెజినాల్డ్ 1993లో పోయాడు. కేథరిన్ ఆసుపత్రి ఆవరణలోనే మట్టిగోడల ఇంట్లో ఉంటూ తొంభై దాటాక కూడా కత్తి పట్టుకుంది. రోగులు ఆమెని ‘ఎమాయే’ అనేవారు, అంటే అమ్మ. 2020 మార్చి 18న, 96 ఏళ్ల వయసులో, ఆ ఇంట్లోనే కన్నుమూసింది. మూడేళ్లకని వచ్చిన మనిషి అరవై ఒక్క ఏళ్లు ఉంది. అప్పటికి వాళ్లు మొదలుపెట్టిన పని వల్ల వైద్యం పొందిన స్త్రీలు అరవై వేలు దాటారు.

ఆపరేషన్ రోజు. పాదాలకు తొడుగులు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని లోపలికి రండి. ఒకే గదిలో ఒకటికి మించి బల్లలున్నాయి. పక్క బల్ల మీద మరొకామె ఉంది. వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి నడుము కింద మొద్దుబరిచారు. తల వైపు బల్లని కిందికి వంచారు. పిల్ల మెలకువగానే ఉంది, తల దగ్గర ఒకామె కూర్చుని నుదుటి మీది పచ్చబొట్టుని బొటనవేలితో నిమురుతోంది.

నర్సు అందించిన పరికరం చూడండి. రెండువైపులా వంపు తిరిగి, బాతు ముక్కులా ఉంది. దాన్ని సిమ్స్ స్పెక్యులం అంటారు. 1840లలో అమెరికాలోని అలబామాలో జేమ్స్ మారియన్ సిమ్స్ అనే డాక్టరు దీన్ని తయారు చేశాడు. ఎవరి మీద? అనార్కా, బెట్సీ, లూసీ, ఇంకా పేర్లు మిగలని నల్లజాతి బానిస స్త్రీల మీద, మత్తుమందు లేకుండా. అనార్కా ఒక్కదాని మీదే ముప్పై సార్లు ఆపరేషన్ చేశాడు. ఈ గదిలో ప్రతిరోజూ వాడే విద్య వాళ్ల నొప్పిలోంచి వచ్చింది. ఆ పేర్లు కూడా ఇక్కడ తలుచుకోవాల్సినవే.

దీపం కింద ఇప్పుడు రంధ్రం కనిపిస్తోంది. రూపాయి బిళ్లంత. అంచులు తెల్లగా గట్టిపడిపోయాయి, కాలిన తోలులా. ఊరికే రెండు అంచులూ దగ్గరికి లాగి కుట్టేస్తే పని కాదు. చిరిగిన బట్టని సాగదీసి కుడితే కుట్టు పక్కనే మళ్లీ చిరుగుతుంది, అంతే ఇదీ. డాక్టరు రంధ్రం చుట్టూ సన్నగా కోసి, మూత్రాశయపు పొరని యోని గోడ నుంచి నెమ్మదిగా విడదీస్తోంది. వేలెడు లోతులో, సరిగ్గా వెలుతురు పడని చోట. ముందుగా మూత్రపిండాల నుంచి వచ్చే రెండు నాళాల నోళ్లు ఎక్కడున్నాయో వెతికి వాటిలోకి సన్నటి గొట్టాలు ఎక్కించింది. పొరపాటున సూది వాటిని పట్టేస్తే మూత్రపిండమే పోతుంది. గదిలో మాటల్లేవు. పొర వదులై, లాగకుండానే అంచుకు అంచు తగిలాక, మొదటి కుట్టు పడింది. ఒంట్లోనే కరిగిపోయే దారం. ఒక్కో కుట్టుకీ మణికట్టు మెలి తిరిగి ఆగుతుంది, ముడి పడుతుంది, కత్తెర టిక్కుమంటుంది.

మళ్లీ నీలపు మందునీళ్లు. తెల్లటి గుడ్డ ముక్క లోపల పెట్టి అందరూ ఆగారు. మీరు కూడా ఊపిరి బిగబట్టి ఉంటారు. గుడ్డ బయటికి తీశారు. తెల్లగా ఉంది.

ఆ చేతి గురించి ఒక మాట. ఇలా మణికట్టు తిప్పడం ఈ తరం డాక్టర్లకి నేర్పినవాళ్లలో మామితు గాషె ఉంది. కొండ ప్రాంతపు పల్లెటూరి పిల్ల, బడి మొహం చూడలేదు. 1962లో, పదహారేళ్ల వయసులో, ఇలాంటి కాన్పుతోనే చావు దాకా వెళ్లి హామ్లిన్‌ల దగ్గరికి చేరింది. బాగయ్యాక ఊరికి పోలేదు. పక్కలు వేసింది. తర్వాత ఆపరేషన్ గదిలో పరికరాలు అందించడం మొదలుపెట్టింది. డాక్టరు నోరు తెరిచి అడగకముందే ఏది కావాలో ఆమెకు తెలిసిపోయేది. రెజినాల్డ్ ఆమె చేత మొదట ఒక కుట్టు వేయించాడు, తర్వాత ఇంకొకటి, చివరికి ఆపరేషన్ మొత్తం. 1989లో హామ్లిన్‌లతో పాటు ఆమెనీ లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ బంగారు పతకంతో గౌరవించింది. పెద్ద పెద్ద డిగ్రీలతో దేశదేశాల నుంచి వచ్చిన సర్జన్లు ఈ కిటుకు నేర్చుకోవడానికి ఆమె పక్కన నిలబడ్డారు. వాళ్లలో ఎవరికీ ఆ రంధ్రం సొంత ఒంట్లో తెలియదు. ఆమెకు తెలుసు. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లు తమ చేతిలోని విద్యని ఈ నేల మీద పుట్టిన చేతిలో పెట్టారు. వాళ్లు చేసిన ఆపరేషన్లన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

రాత్రి. వార్డులో మంచాల వరస, ప్రతి మంచం పక్కన నేల మీద ఒక బేసిను. గొట్టంలోంచి చుక్క చుక్కగా పడే చప్పుడు. ఇక్కడ రోగికి నేర్పేవి మూడే ముక్కలు: తాగాలి, కారాలి, పొడిగా ఉండాలి. నీళ్లు తాగుతూనే ఉండాలి, గొట్టంలోంచి ఆగకుండా కారుతూనే ఉండాలి, పక్క మాత్రం తడవకూడదు. గొట్టం మూసుకుపోతే మూత్రాశయం ఉబ్బి కుట్లు తెగుతాయి. అందుకని రాత్రంతా ఎవరో ఒకరు మంచం మంచానికీ తిరిగి గొట్టాలు చూస్తారు. ఆప్రాన్ ఆమె గ్లాసు నింపి పిల్ల చేతికిచ్చింది. పిల్ల అనుమానంగా చూసింది. రెండేళ్లుగా నీళ్లంటే భయపడ్డ మనిషి. ఒక గుక్క తాగి బేసిను వైపు చూసింది. ఇంకో గుక్క. మళ్లీ బేసిను వైపు.

పక్క మంచంలో హరార్ వైపు నుంచి వచ్చిన ముస్లిం స్త్రీ. రెండో ఆపరేషన్. ఆ పక్కన ఉన్నామెకి ఆపరేషన్లతో లాభం లేదని తేలింది. మూత్రాశయమే మిగల్లేదు. పొట్ట మీద సంచి పెట్టుకుని బతకాలి. రంధ్రం మూసుకున్నా కొందరికి దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు చెమ్మ పడుతూనే ఉంటుంది. అందరూ పూర్తిగా బాగై వెళ్లిపోతారని చెబితే అబద్ధం. ఊరికి తిరిగి వెళ్లలేనివాళ్ల కోసం నగరం బయట దెస్తా మెందర్ అనే ఊరు కట్టారు, సంతోష గ్రామం అని అర్థం. అక్కడ పనులు నేర్చుకుంటూ ఉంటారు.

ఆ ఊరి పక్కనే, 2007లో, మంత్రసానుల కళాశాల పెట్టారు. 1959లో ఏ బడి కోసమని వచ్చారో అది దాదాపు యాభై ఏళ్లకి ఈ రూపంలో నిలబడింది. పల్లెల నుంచే ఆడపిల్లల్ని తీసుకుని, నాలుగేళ్లు చదివించి, మళ్లీ పల్లెలకే పంపుతారు. నొప్పులు మొదలైన మొదటి రాత్రే, బిడ్డ తల దిగడం లేదని గుర్తుపట్టి, ఆసుపత్రికి పంపే మనిషి ఒకరుంటే చాలు, ఈ వార్డులో ఒక మంచం ఖాళీ అవుతుంది. గుంటూరుకి మిషనరీ డాక్టర్ ఆనా కుగ్లర్ 1883లో వచ్చి, 1898లో ఆడవాళ్లకి, పిల్లలకి ఆసుపత్రి తెరిచిన చరిత్ర తెలిసినవాళ్లం మనం. అమ్మమ్మ మిషన్ ఆసుపత్రిలో పురుడు పోసుకుందన్న మాట వింటూ పెరిగినవాళ్లు తెలుగునాట ఎన్ని ఇళ్లలో ఉన్నారో. ఆ పురుళ్లలో ఎన్ని ఇలా మారకుండా తప్పాయో లెక్క కట్టినవాళ్లు ఉండరు. జరగని కష్టానికి రికార్డు ఉండదు.

పద్నాలుగో రోజు గొట్టం తీశారు. పిల్ల ఒక చేత్తో ఆప్రాన్ ఆమెని పట్టుకుని మరుగుదొడ్డి దాకా వెళ్లింది. నర్సు చెప్పినట్టు కూర్చుంది, ఆగింది, వచ్చింది, మళ్లీ ఆగింది. తనంతట తాను. ఆగమంటే ఆగింది. బయటికి వచ్చి ఏమీ మాట్లాడలేదు. రోజంతా గంటకోసారి అవసరం లేకపోయినా వెళ్లొచ్చింది. కాలికి కసరత్తు చేయించే ఆమె వచ్చినప్పుడు కూడా మధ్యలో లేచి వెళ్లింది. ఊరికి వెళ్లేటప్పుడు కొత్త గౌను ఇస్తారు. చేతిలో ఒక కాగితం పెట్టి మరీ మరీ చెబుతారు, మళ్లీ కడుపు పండితే ఇంట్లో కనకూడదు, ఆసుపత్రికి వచ్చి సిజేరియన్ చేయించుకోవాలని. అదంతా ఇంకా వారం తర్వాతి సంగతి.

ఆ రాత్రి ఆమె నిద్రపోయినట్టు లేదు. మీరూ మెలకువగానే ఉన్నారు. చీకట్లో అప్పుడప్పుడు దుప్పటి కింద చెయ్యి కదిలిన చప్పుడు. తడుముకుంటోంది. కాసేపాగి మళ్లీ.

తెల్లారింది. కిటికీలోంచి ఎండ మంచం కాళ్ల దాకా వచ్చింది. పొద్దుటి డ్యూటీలో ఉన్న ఆమె రోజూలాగే మంచాల వెంబడి వస్తూ పక్కబట్టలు లాగి తీసి కుప్పగా చేతి మీద వేసుకుంటోంది, ఉతకడానికి. పిల్ల మంచం దగ్గరికి వచ్చి దుప్పటి కొస పట్టుకుని లాగింది. రాలేదు. రెండో కొసని పిల్ల రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

ఆమె ఇంకోసారి లాగింది. పిల్ల వదల్లేదు. ఉత్తరపు కొండల యాసలో, ఈ మూడు వారాల్లో మొదటిసారి గట్టిగా, వార్డంతా వినపడేలా అంది:

“ఇది తడవలేదు.”

ఆమె ఆ కొస వదిలేసి, మంచం అంచున కూర్చుని, అరచేత్తో దుప్పటిని ఆ చివర నుంచి ఈ చివర దాకా నిమిరి చూసింది. చేతి మీది కుప్పని సర్దుకుని పక్క మంచానికి వెళ్లింది.